అమ్మతో తాడిగడప ప్రయాణం

తిరువూరులో తెల్లవారుజామున బస్సెక్కాం, అమ్మా నేనూ. అమ్మకు డెబ్బయి రెండేళ్లు. రెండేళ్లుగా ఆమె చూపు మందగిస్తోంది. ఆదివారం గుడిలో పాటల పుస్తకం తెరిస్తే వరుస తప్పిపోయేది. నడుస్తూ గడప తన్నుకునేది, పక్కనున్న బిందెను దొర్లించేది. "శుక్లంలే అబ్బాయ్, ముదిరాక తీయించుకుందాం" అనేది. నాకూ అలాగే తోచింది. ఈ కోతలయ్యాక, ఆ పండుగయ్యాక అంటూ వాయిదా వేశాం.

ఎ.కొండూరు దాటి మైలవరం చేరేసరికి బాగా తెల్లవారింది. ఇబ్రహీంపట్నం దగ్గరపడగానే థర్మల్ కేంద్రం పొగగొట్టాలను అమ్మ దూరం నుండే పోల్చింది. నాకు ధైర్యం వచ్చింది. అంతలో పక్కనుండి మంచినీళ్ల సీసా అందించాను. చేతికి తగిలేదాకా ఆమె దాన్ని చూడలేదు. దూరాన ఉన్నది కనబడి, పక్కనున్నది కనబడకపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు.

విజయవాడ బస్టాండులో దిగి, బందరు రోడ్డున తాడిగడప వెళ్లాం. ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థవారి ఆసుపత్రి అక్కడ 2011 నుండి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో స్థాపించిన సంస్థ అది. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగా చూస్తారు.

ముందు కంటిలోని ఒత్తిడి కొలిచారు. తరువాత ఒక యంత్రానికి గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను పక్కనే నిలబడ్డాను. చాలాసేపు మీట చప్పుడే వినబడలేదు.

డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. శుక్లం కొద్దిగానే ఉంది. అసలు జబ్బు నీటికాసులు, అంటే గ్లకోమా. కంటిలోని ద్రవం ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేరవేసే నరం దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు. ముందుగా పోయేది పక్కచూపు. ఎదుటిది కనబడుతూనే ఉంటుంది గనుక మనిషికి తెలియదు.

"పోయిన చూపు వస్తుందా బాబూ?" అంది అమ్మ.

"రాదమ్మా. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు."

నేను తల వంచుకున్నాను. ఆ రెండేళ్లు గుర్తుకొచ్చాయి. అమ్మే నా చెయ్యి వెదికి పట్టుకుంది. "గాదెలో మిగిలిన గింజలు జాగ్రత్త చేసుకోమా? అలాగే చేద్దాం" అంది.

ఈ జబ్బు రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువని చెప్పి, నా కళ్లు కూడా పరీక్షించారు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచాలన్నారు. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలన్నారు. చీటీ లేకుండా కొట్లో కొనే కొన్ని కంటిచుక్కలు ఒత్తిడిని పెంచుతాయని కూడా హెచ్చరించారు.

తిరుగు ప్రయాణంలో మామిడి తోటల మీద ఎండ వాలుతోంది. అమ్మ తల మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క తోటా చూసింది. ఇప్పుడు రోజూ రాత్రి ప్రార్థన కాగానే చుక్కలు వేస్తాను. ఏదైనా అందించాలంటే ఎదురుగా వచ్చి అందిస్తాను.

మీ ఇంట్లో పెద్దవారు గడప తన్నుకుంటున్నారా? శుక్లమేలే అని ఊరుకోకండి. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసులు తీసుకుపోయిన చూపు తిరిగి రాదు. నలభై దాటినవారు మీరూ ఒకసారి చూపించుకోండి.