షికారు నుంచి హార్వెస్ట్ దాకా

ఉర్దూలో ‘షికార్’ అనే లఫ్జ్‌కి రెండు మతలబులు. ఒకటి వేట. రెండోది ఆ వేటలో చిక్కిన ప్రాణి. అందుకే ఉర్దూ అఖ్బారులో ‘హాదసే కా షికార్’ అని రాస్తారు, ప్రమాదానికి బలైనవాడు అని. ఇదే లఫ్జ్ తెలుగులోకొచ్చి ‘షికారు’ అయింది. సాయంత్రం సాగర్ గట్టు మీద షికారు, కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ షికారు. తుపాకీ లేదు, నెత్తురు లేదు, జంతువూ లేదు. ఉర్దూలో ‘సైర్-ఒ-షికార్’ అని జంటగా అంటారు కదా, తిరగడమూ వేటాడడమూ అని. తెలుగు ఆ జంటలో ‘సైర్’ అర్థాన్ని ఉంచుకుని ‘షికార్’ పేరు పెట్టుకుందని నా ఖయాల్.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. ఒక లఫ్జ్ ఒక జబాన్ నుంచి ఇంకో జబాన్‌లోకి నడిచొచ్చేటప్పుడు దారిలో ఏం పారేసుకుందా అని చూడడం నాకు ఆదత్. షికార్ పారేసుకున్నది జంతువుని. మా పల్నాడు కుర్రాళ్ల నోట ఈమధ్య వినిపిస్తున్న వేట మాటలు కూడా అదే పని చేస్తున్నాయి. నా ఫికర్ అదే.

మా నానాది మాచర్ల. సాగర్ డ్యామ్ కడుతున్న రోజుల్లో, అంటే 1955కీ 1967కీ మధ్య, దోస్తులతో అడవికి పోయేవాడు. అప్పటికింకా ఇప్పటి చట్టం లేదు. ఆయన జబాన్‌లో వేట మాటలు వేరే. భర్మార్ అంటే మందు కూరి (భర్‌నా) కొట్టే (మార్‌నా) తుపాకీ. మచాన్ అంటే చెట్టు మీద కట్టుకున్న మంచె. మిరప చేనుకీ జొన్న చేనుకీ కాపలాగా మన రైతు వేసే మంచె, షికారీ మచాన్ వరసకి అన్నదమ్ములే. హాంకా అంటే డప్పులు కొట్టి జంతువుని తరమడం. నిషానా, బారూద్, తీతర్, బటేర్. ఏ మాట తీసుకున్నా ఒక వస్తువో, ఒక పనో, ఒక ప్రాణో కళ్ల ముందుకొచ్చేది. ‘కౌజు పిట్టలు’ అని మీరంటే ‘తీతర్’ అని నానా సరిదిద్దేవాడు, అది ఎలా కూస్తుందో కూసి మరీ చూపించేవాడు.

డాంబికాలు ఆ జమానాలోనూ ఉన్నాయి. ‘పెద్ద తీస్‌మార్‌ఖాన్’ అని మనం ఎవర్నైనా వెక్కిరిస్తాం కదా, ఆ మాట ముప్ఫైకి పైగా పులుల్ని కొట్టిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదే పుట్టిందని చెప్పుకుంటారు. ముప్ఫై ఈగల్ని చంపి ఖాన్ అనిపించుకున్నవాడి కహానీ అనేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా, ఇక్కడి జనం ఆ బిరుదుని మోసింది మాత్రం నవ్వుతూనే.

ఇంగ్లీషువాళ్లు మన దగ్గర్నుంచి షికారీనీ, మచాన్‌నీ పట్టుకెళ్లి తమ డిక్షనరీలో పెట్టుకున్నారు. ‘స్నైపర్’ అనే మాట కూడా 18వ శతాబ్దంలో హిందుస్తాన్‌లో ఉన్న ఇంగ్లీషు సిపాయిల నోట పుట్టిందే. స్నైప్ అనేది చటుక్కున వంకరటింకరగా ఎగిరే నీటి పిట్ట, దాన్ని కొట్టగలిగినవాడు స్నైపర్. పిట్ట పోయింది, మాట మిగిలింది. ఇవాళ ఆ మాట వింటే మనిషి తలే గుర్తొస్తుంది.

ఇక ఇప్పటి సంగతి. మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు ఫోన్‌లో అమెరికా వీడియో చూపించాడు. చచ్చిపడిన జింక కొమ్ములు పట్టుకుని ఒకాయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

“మామూ, దీన్ని గ్రిప్ అండ్ గ్రిన్ అంటారు. కొమ్ములు పట్టుకో, నవ్వు. అంతే.”

“ఆ జింకని ఏం చేశాడు?”

“హార్వెస్ట్ చేశాడు.”

“హార్వెస్ట్ అంటే పంట కోత కదా బేటా?”

“అక్కడ చంపడం అనరు మామూ. హార్వెస్ట్ అంటారు. ప్రొఫెషనల్‌గా ఉంటుంది.”

నాకు ఏమనాలో తోచలేదు. ఆ లఫ్జ్ వాడు కల్పించింది కాదు. అమెరికాలో వన్యప్రాణి శాఖల కాగితాల్లోనే చంపిన జింకల లెక్కని హార్వెస్ట్ అని రాస్తారు. వేటాడే జంతువుని ఇంగ్లీషులో ఏనాటి నుంచో ‘గేమ్’ అనే అంటారు. కొట్టి తెచ్చుకున్నది ‘బ్యాగ్’, గోడకి తగిలించిన తల ‘ట్రోఫీ’. ‘ఫెయిర్ చేజ్’ అనేది ఇంకొకటి, జంతువుకి తప్పించుకునే మౌఖా ఇచ్చి వేటాడడం. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు దాన్ని ఉసూల్‌గా నిలబెట్టింది. దక్షిణాఫ్రికాలో దానికి ఉల్టా: కంచె లోపల పెంచిన సింహాన్ని డబ్బు కట్టి కొట్టడం, ‘క్యాన్డ్ హంటింగ్’. డబ్బాలో పెట్టి అమ్మే వేట అన్నమాట. నాకు తెలిసిన ఈ మాటలన్నిట్లో నిజం దాచకుండా చెప్పేది ఈ ఒక్కటే, ఎందుకంటే అది పెట్టింది వేటగాళ్లు కాదు, దాన్ని అసహ్యించుకున్నవాళ్లు.

ఈ మాటలు మన కుర్రాళ్ల దగ్గరికి వీడియో గేముల మాటలతో కలిసి వస్తున్నాయి. హెడ్‌షాట్, కిల్స్, బీస్ట్ మోడ్, నైట్ హంట్. ఫోన్‌లో ఆడినంతసేపు అవి ఆటే. అదే కుర్రాడు టార్చిలైటు పట్టుకుని దోస్తుల బండెక్కి రాత్రి అడవి అంచుకి పోయినప్పుడూ నోట్లో అవే మాటలు. చెవులపిల్లి ఎక్కడా మాటల్లోకి రాదు.

సర్కారుకీ తన మాటలున్నాయి. 2018 నవంబరు 2న మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాలో ఒక ఆడపులిని కాల్చేశారు. కాల్చింది హైదరాబాదీ షికారీ నవాబ్ షఫాత్ అలీ ఖాన్ కొడుకు అస్గర్ అలీ ఖాన్. 13 మందిని చంపిందని దాని మీద ఇల్జామ్. అటవీ శాఖ ఫైల్లో దాని పేరు టీ-1. ఊళ్లవాళ్లకి నరభక్షకి. కాపాడమని కోర్టుకెళ్లినవాళ్లకి అవని. ఒకే పులికి మూడు పేర్లు. ఎవరు ఏ పేరుతో పిలిచారో వింటే చాలు, వాళ్లకి ఏం కావాలో తెలిసిపోయేది. ఊళ్లో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల గమ్ చిన్నది కాదు. నేను చెప్పేది పేరు గురించి. టీ-1ని కాల్చడం అవనిని కాల్చడం కన్నా సులువు.

పల్నాడులో ఈ మాటలు మనుషుల మీదికి కూడా తిరిగాయి. ఇక్కడి హోటల్లో ‘వేట మాంసం’ అంటే మేక మాంసమే. వేటని నరికే కొడవలి వేటకొడవలి. కానీ పత్రికలో ఆ మాట కనిపిస్తే మేక గురించి ఎవరూ అనుకోరు, ఏ ఊళ్లో ఎవరు పడిపోయారా అని చూస్తారు. ఏసీబీకి అధికారి చిక్కితే ‘వలలో’. నిందితుడు పరారైతే ‘వేట ముమ్మరం’. నక్సలైట్ల కోసం 1989లో పుట్టిన దళానికి పెట్టిన పేరు గ్రేహౌండ్స్, అది వేటకుక్క జాతి పేరు. నల్లమల కూంబింగ్ వార్తలు చదువుతూ పెరిగిన తరం మాది. జంతువుని మాటలోంచి తీసేయడం అలవాటైన చోట, మనిషిని జంతువు జాగాలో పెట్టడం కూడా తేలికైపోతుంది.

ఫ్యాషన్ మాటలకి లొంగనిది ఒకటుంది, కానూన్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకి ఇచ్చిన తారీఫ్ చదవండి. చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు బిగించడం, తరమడం, ఎర వేయడం, గాయపరచడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు పగలగొట్టడం, ఇవన్నీ వేటే. కొన్నిటికి కోషిష్ చేసినా చాలు. చిన్న జంతువులకి లైసెన్సు ఇచ్చే పద్ధతి 1991లో పోయింది. మాచర్ల అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం, 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. ఉడుమూ పెద్దపులీ రెండూ ఒకటో షెడ్యూల్‌లోనే ఉన్నాయి. వాటిని వేటాడితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా ఖైదు. 2022 సవరణతో కనీస జుర్మానా 25 వేలు. జడ్జీ ముందు ‘సరదాగా నైట్ హంట్ సార్’ అంటే ఎవరూ నవ్వరు. పంటని పందులు పాడుచేస్తున్నాయని రైతు పెట్టిన కరెంటు తీగకి ఆ రైతే బలైన వార్తలూ మనం చదువుతున్నాం. హాదసే కా షికార్ అంటే అదే.

దీన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఈ మాట ఎత్తితే ‘షికార్ హలాలే కదా’ అంటారు. హలాలే. షరతులున్నాయి. ఇహ్రామ్‌లో ఉన్నవాడు అడవి జంతువుని వేటాడకూడదు. ప్రాణమున్నదాన్ని గురి చూసుకునే ఆటవస్తువు చేసుకోవద్దని హదీసులో ఉంది. బాణం వదిలేటప్పుడూ, జబహ్ చేసేటప్పుడూ అల్లా పేరు తీసుకోవాలి. మా నానా తీతర్‌ని జబహ్ చేసేటప్పుడు ‘బిస్మిల్లా, అల్లాహు అక్బర్’ అని పైకే అనేవాడు, పక్కనున్నవాళ్లకి వినపడేలా. దాని మతలబు నాకు ఉర్దూ బడిలో కాదు, ఈ కొత్త మాటలు విన్నాక తెలిసింది: ఈ ప్రాణం నాది కాదు, దీన్నిచ్చినవాడి ఇజాజత్‌తో తీస్తున్నాను అని నోటితో ఒప్పుకోవడం అది. హార్వెస్ట్ అనే మాటలో ఆ ఒప్పుకోలు లేదు.

మన పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఫోన్ లాక్కున్నా లాభం లేదు. మా ఆపాకి నేను చెప్పిందే మీకూ చెప్తున్నా. వాడు ఈసారి వీడియో చూపించి ‘హార్వెస్ట్’ అంటే, ఏ జంతువు బేటా, దాని పేరేంటి, ఉర్దూలో ఏమంటారు, తెలుగులో ఏమంటారు అని అడగండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు. అప్పుడు మీకు తెలిసిన పేర్లు చెప్పండి. తీతర్ అంటే కౌజు, బటేర్ అంటే పూరేడు, హిరన్ అంటే జింక, ఖర్గోష్ అంటే చెవులపిల్లి. తెలియకపోతే ఇంట్లో దాదీనో నానీనో అడగండి. వాళ్లకి కూతతో సహా వచ్చు.