మేటి ఘట్టమేది?



అమెరికా దేశమున కాలేజీ ఫుట్‌బాలు అను ఆట యొకటి కలదు. పేరునకు ఫుట్‌బాలే గాని, బంతిని కాలితో తన్నుట యందులో మిక్కిలి తక్కువ. చంకనిడుకొని పరుగెత్తుటయు, చేత విసరుటయు నెక్కువ. వేసవి చివర మొదలై జనవరివఱకు సాగు నా ఋతువు ముగిసిన పిమ్మట, ఆ యేటి ఘట్టములలో మేటి యేదియను వాదము బయలుదేరును. హరికథ ముగిసిన తరువాత పదిదినములు దాసుగారి గానమును గూర్చి మన వసారాలలో ముచ్చటలు సాగెడివి గదా! ఇదియు నట్టిదే. కాని యిక్కడి వాదము పదేండ్లకును ముగియదు.

నేను అట్లాంటా నగరపు పొలిమేరలో కాపురముండి చాల యేండ్లయినది. మా పొరుగింటి యిల్లాలు అలబామా విశ్వవిద్యాలయమున చదివినది; ఆమె భర్త ఆబర్ను విశ్వవిద్యాలయమువాడు. రెండును ఒకే రాష్ట్రమునందలివి. నవంబరు నెలాఖరున ఈ రెండింటికిని జరుగు పోటీకి ‘ఐరన్ బౌల్’ అని పేరు. ఆ దినమున ఆలుమగలు వేర్వేరు రంగుల దుస్తులు ధరించి, వేర్వేరు కుర్చీలలో కూర్చుందురు. వంట మాత్రము ఒక్కటే. అదియు ఆమెయే చేయవలెను.

2013వ సంవత్సరపు ఋతువును గూర్చి వీరు చేయు వాదమును నేను వినని యేడు లేదు. అది తెలియుటకు ఆట నియమములు రెండు మూడు చెప్పవలసియున్నది. మైదానము పొడవు 100 గజములు. ఇరుకొనలను పదేసి గజముల పట్టీ కలదు. ఎదిరివారి పట్టీలోనికి బంతిని చేర్చినచో 6 పాయింట్లు. రెండు కంబముల నడుమగా తన్ని పంపినచో 3. నాలుగు ప్రయత్నములలో 10 గజములు సాగలేనివారు బంతిని వదలుకొనవలెను. కంబములను చేరక మైదానములోనే పడు బంతిని ఎదిరివాడు పట్టి పరుగెత్తవచ్చును. ఈ కడపటి నియమమును చాలమంది మఱచిపోవుదురు.

ఆ నవంబరు 16వ తేదీని ఆబర్నువారు జార్జియావారితో ఆడిరి. 20 పాయింట్ల ఆధిక్యము చేజారి, ఒక పాయింటు వెనుకబడి, అరనిమిషము మిగిలినప్పుడు, నాలుగవ ప్రయత్నమున 18 గజములు కావలసివచ్చెను. నిక్ మార్షల్ బంతిని దూరముగా విసరెను. జార్జియావారిద్దరు ఒక్కసారిగా ఎగిరిరి. వారి చేత తగిలి ఎగసిన బంతి వారిని దాటి పరుగెత్తుచున్న రికార్డో లూయిస్ చేతులలో పడెను. అది 73 గజముల ఘట్టము. ఆబర్ను 43, జార్జియా 38.

సరిగా రెండు వారములకు, అదే మైదానమున, ఐరన్ బౌల్ జరిగెను. అలబామావారు అప్పటికి వరుసగా రెండేండ్లు దేశవిజేతలు; ఆబర్నువారు అంతకుముందటేడు మూడే ఆటలు గెలిచినవారు. 28–28 సమముగా నుండగా కాలము ముగిసినదనుకొనిరి. అలబామా శిక్షకుడు నిక్ సేబన్ పట్టుపట్టి ఒక్క సెకను తిరిగి వేయించెను. ఆ సెకనులో 57 గజముల దూరమునుండి ఆడమ్ గ్రిఫిత్ అను కుఱ్ఱవాడు తన్నిన బంతి కొద్దిగా చాలకపోయెను. వెనుక పట్టీలో కాచియున్న క్రిస్ డేవిస్ దానిని పట్టి, ఎడమవైపు అంచు వెంబడి పరుగెత్తి, ఆవలి కొనకు చేర్చెను. అది 109 గజములు. పట్టీలోని దూరమును లెక్కింపరు గనుక పుస్తకములలో 100 గజములనియే యున్నది. మా పొరుగాయన దీనినొక అన్యాయముగా నేటికిని చెప్పుకొనును.

ఆయన లెక్కలో ఆ పరుగునకు సాటి లేదు. ఆమె యొప్పుకొనదు. అదే యాటలో ఏజే మెకారన్ తమ గీటు దగ్గఱనుండి విసరగా అమారీ కూపర్ పట్టి 99 గజములు దాటించినది నైపుణ్యమునకు పరాకాష్ఠయనియు, ఓడిరి గనుక దానినెవ్వరు తలంపరనియు ఆమె మాట. నన్నడిగినచో, జార్జియా యాటలోనిది కాకతాళీయము. కూపరుది నిజమైన విద్య. కాని డేవిసు పరుగులో ముందుచూపు కలదు: బంతి చాలకపోవచ్చునని తలంచి ఒకనిని నిలుపుట, తన్నుటకు వచ్చినవారందఱు బరువైన దేహములవారు గనుక వెంబడింపలేకపోవుట. నా ఓటు దానికే. ఈ మాటకు ఆమె నాకు ఆనాడు కాఫీ ఇయ్యలేదు.

అయితే ఆమె కోపము ఆటకు సంబంధించినది మాత్రమే కాదని తరువాత తెలిసినది. ఆ దినమున అంతకుముందు అలబామా పక్షమున కేడ్ ఫాస్టరు తన్నిన మూడు తన్నులు ఫలింపలేదు. ఆ విద్యార్థికి ప్రాణభయము కలుగునట్లు బెదిరింపులు వచ్చినవి. మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ స్వహస్తముతో ఓదార్పు లేఖ వ్రాసెను. గ్రిఫిత్ పోలెండు దేశమున పుట్టి, అనాథశరణాలయమున పెరిగి, పదుమూడవయేట మా జార్జియాలోని దంపతులకు దత్తుడై వచ్చినవాడు. డేవిసు పరుగును లోకము వేయిసార్లు చూచినది. ప్రతిసారియు మొదట కనబడునది ఈ పిల్లవాని తన్నే. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము.

పొరుగువారికి ఒక్కడే కొడుకు. వాడును బంతి తన్నుటలో నేర్పరి. 2015వ సంవత్సరమున వానిని హైస్కూలు జట్టునకు పిలిచిరి. తల్లి అనుమతిపత్రమున సంతకము చేయనన్నది. “ఒక్క తన్ను తప్పినచో వీనికి ఉత్తరము వ్రాయుటకు ఏ అధ్యక్షుడు వచ్చును?” అనెను. తండ్రి బతిమాలెను, కోపించెను. కొడుకు తల్లితో మాటలు తగ్గించెను. ఆ యేడు వాడు ఆడలేదు.

అదే యేటి నవంబరులో, అదే ఆబర్ను మైదానమున, గ్రిఫిత్ ఐదు పర్యాయములు కంబముల నడుమగా తన్ని అలబామాను గెలిపించెను. 2016 జనవరి 11న క్లెంసన్ జట్టుతో దేశవిజేత నిర్ణయమగు ఆట; 24–24 సమము. గ్రిఫిత్ ఎప్పటివలె దూరముగా తన్నునని అందఱు నిలిచియుండగా, బంతిని అంచువైపునకు మెల్లగా ఎగురవైచెను. తమవాడే మార్లన్ హంఫ్రీ దానిని గాలిలోనే పట్టెను. ఎదిరివారికి బంతి చిక్కలేదు. అలబామా 45–40తో గెలిచెను. ఆ యేటి మేటి ఘట్టమది యనువారు అనేకులు.

ఆ రాత్రి ఆమె కేకలు మా యింటికి వినబడినవి. వసంతమున బడినుండి పత్రము మరల వచ్చినప్పుడు, వంటింటి బల్లమీదనే, పిండి చేతులు తుడుచుకొని సంతకము చేసెను. వాడు నాలుగు తప్పినాడు, పదునొకండు వేసినాడు. లెక్క తల్లి వ్రాసియుంచినది.

తండ్రి మాత్రము నేటికిని 109 గజములనే పట్టుకొనియున్నాడు.