పేరు మారిందా? చిప్పు మారిందా?

మా ఇల్లు గౌలిపురాలో, ఆఫీసు హైటెక్ సిటీలో. రోజూ మూసీ దాటి పోయొచ్చేవాణ్ని కాబట్టి మా గల్లీకి కంప్యూటర్ నిపుణుణ్ని నేనే. ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా, ఎవరి పిల్లాడికి ల్యాప్‌టాప్ కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది. నేను రాసేది జావా అని, హార్డ్‌వేర్‌కీ నాకూ చుట్టరికం తక్కువని చెప్పినా ఎవరూ వినరు. మీలో చాలామందికి ఈ బాధ అనుభవమే అయ్యుంటుంది :)

2018 చివర్లో అలాంటి ఫోనే ఒకటి వచ్చింది. చేసింది నాన్నగారి స్నేహితుడు. ఛత్తా బజార్‌లో ఆయనకి చిన్న ప్రెస్సు ఉంది. నేను చిన్నప్పట్నించీ చాచా అనే పిలుస్తా. ఛత్తా బజార్ అంటే తెలుసు కదా, శుభలేఖల వీధి. ఒకప్పుడు ఉర్దూ కార్డులు కాతిబ్‌లు చేత్తో రాసేవాళ్లు. 90ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ పని కంప్యూటర్‌కి పోయింది. ఆ తర్వాత జనం కార్డులు తగ్గించి వాట్సాప్‌లో వీడియో శుభలేఖలు పంపుకోవడం మొదలెట్టారు. చాచా కొడుకు ఆ పని నేర్చుకుంటానన్నాడు. దానికోసం చాచా చిట్టీ ముందే ఎత్తి, నష్టానికి పాడి మరీ, డబ్బు తెచ్చాడు.

షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు చూపించారట. ఒకటి పోయినేడాది మోడల్, ఇంకోటి కొత్తది. తేడా ఏడు వేలు. "కొత్త దాంట్ల గ్రాఫిక్స్ కార్డు కొత్తదంటున్నరు బేటా, ఏం చేద్దాం?" అన్నాడు. నేను మీటింగ్‌లో ఉన్నా. ఫోన్లో రెండు పేర్లూ చూశా. ఒకటి పాత వరస, ఒకటి కొత్త వరస. "కొత్తదే తీస్కో చాచా" అని చెప్పేశా. అర నిమిషం పట్టిందేమో.

నెల తర్వాత ఆ పిల్లాడు ఇంటికొచ్చాడు. వాడి క్లాస్‌మేట్ దగ్గర పాత మోడల్ ఉందిట, రెండిట్లోనూ పని ఒకేలా నడుస్తోందిట. అప్పుడు కూర్చుని జీపీయూ-జెడ్ వేసి చూశా. పేరొక్కటే కొత్తది. లోపల కోడ్‌నేమ్ అదే, కోర్ల సంఖ్య అదే, మెమరీ బస్సు అదే. బ్లెండర్‌లో ఒకే సీను రెండిట్లోనూ రెండర్ చేయించాం. పదకొండు నిమిషాల పనిలో తేడా ఇరవై సెకన్లు. ఏడు వేలకి ఇరవై సెకన్లు!

ఇదేమీ రహస్యం కాదు, వెతికితే దొరికే సమాచారమే. నేను వెతకలేదు, అంతే. తర్వాత కూర్చుని చదివితే ఈ కథ చాలా పాతదని తెలిసింది. డెస్క్‌టాప్‌ల్లో ఎన్విడియా 2007 డిసెంబర్‌లో తెచ్చిన 8800 జీటీఎస్ 512 లోని జీ92 చిప్పే 2008లో 9800 జీటీఎక్స్‌గా, కొంచెం చిన్న ప్రాసెస్‌లో 9800 జీటీఎక్స్ ప్లస్‌గా, 2009లో జీటీఎస్ 250గా వచ్చింది. ల్యాప్‌టాప్‌ల్లో 940ఎమ్ఎక్స్ 2017 నవంబర్‌లో ఎమ్ఎక్స్130 అయింది. 2017 నాటి ఎమ్ఎక్స్150, 2019 నాటి ఎమ్ఎక్స్250, 2020 నాటి ఎమ్ఎక్స్330.. మూడిట్లోనూ జీపీ108 చిప్పే, 384 కోర్లే. ఇంటెల్ కూడా 2017లో హెచ్‌డీ 620 ముందు ఒక 'యూ' తగిలించి యూహెచ్‌డీ 620 చేసింది. 24 ఎగ్జిక్యూషన్ యూనిట్లు మాత్రం 24 గానే ఉన్నాయి.

మరి ఇదంతా మోసమేనా? అలా అనేయడం తేలికే గానీ పూర్తిగా నిజం కాదు. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాలే చూడండి. హైదరాబాద్‌కి సముద్రమెక్కడుంది? ముత్యం ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల్లోంచి వస్తుంది. శుభ్రం చేయడం, రంధ్రం వేయడం, గుచ్చడం ఇక్కడ. "హైదరాబాద్ ముత్యం" అన్న పేరు వెనక కొంత పని ఉంది. చిప్పుల్లోనూ ఒక్కోసారి అంతే. ఎమ్ఎక్స్150 మెమరీ వేగం సెకనుకి 48 గిగాబైట్లయితే ఎమ్ఎక్స్250లో 56. చిన్నదే కానీ నిజమైన తేడా. అసలు 940ఎమ్ఎక్స్ ఒక్క పేరుతోనే రెండు రకాలు అమ్మారు. డీడీఆర్3 మెమరీ ఉన్నదానికి సెకనుకి సుమారు 16 గిగాబైట్లు, జీడీడీఆర్5 ఉన్నదానికి 40. అంటే పేరు మారినప్పటి కన్నా పేరు మారనప్పుడే తేడా ఎక్కువన్నమాట! ఎమ్ఎక్స్150లోనూ 25 వాట్లది, 10 వాట్లది అని రెండున్నాయి. పేరు ఒకటే, వేగం వేరు.

అయితే పేరు మార్చలేనిది ఒకటుంది, చిప్పు వయసు. డ్రైవర్ల మద్దతు పేరుని బట్టి కాదు, ఆర్కిటెక్చర్‌ని బట్టి ఆగుతుంది. 2014లో కొత్తగా అమ్మిన 820ఎమ్ లోపల ఉన్నది 2010 నాటి ఫెర్మీ. 2018 ఏప్రిల్‌లో ఎన్విడియా ఫెర్మీకి గేమ్ రెడీ డ్రైవర్లు ఆపినప్పుడు 2011లో కొన్నవాళ్లతో పాటు 2014లో కొన్నవాళ్లకీ ఆగిపోయాయి. 2025 అక్టోబర్‌తో మ్యాక్స్‌వెల్, పాస్కల్ వంతు వచ్చింది. 2020లో ఎమ్ఎక్స్330 కొన్నవాళ్లకీ, 2017లో ఎమ్ఎక్స్150 కొన్నవాళ్లకీ గడువు ఒకే రోజు తీరింది. నా దృష్టిలో కొనేవాడికి అసలు నష్టం ఇదే.

కంపెనీలనే అని ఏం లాభం? మనం మాత్రం? పోయినేడాది ప్రొడక్ట్‌కే రంగులు మార్చి "నెక్స్ట్ జనరేషన్" అని రిలీజ్ చేసిన టీంలో నేనూ ఉన్నా. సపోర్ట్ ప్రాజెక్టులో మూడేళ్లు చేసిన మిత్రుడు రెజ్యూమెలో డెవాప్స్ ఇంజనీర్ అయిపోయాడు. మన పేరు మార్పిడిని మాత్రం "పొజిషనింగ్" అంటాం :)

ఇప్పుడు ఎవరైనా అడిగితే నాలుగు చూసి చెప్తున్నా. చిప్పు కోడ్‌నేమ్ ఏంటి, కోర్లు ఎన్ని, మెమరీ ఏ రకం, ఎన్ని వాట్లు. ఆ తర్వాత అయిదో ప్రశ్న: అసలు ఈయన పనికి గ్రాఫిక్స్ చిప్పు కావాలా? చాచా కొడుకు దగ్గర నేను అడగనిది ఇదే. వాడి ల్యాప్‌టాప్‌లో నెమ్మది అంతా హార్డ్ డిస్క్ దగ్గర, 4 జీబీ ర్యామ్ దగ్గర ఉంది. పాత మోడల్ కొని ఆ ఏడు వేలు వాటి మీద పెట్టి ఉంటే మొదటి రోజు నుంచే పని పరిగెత్తేది.

చివరికి నేనే సికింద్రాబాద్‌లో సీటీసీకి వెళ్లి ఎస్ఎస్‌డీ, ర్యామ్ తెచ్చి వేశా. తప్పు నాది కాబట్టి డబ్బులు వద్దన్నా. చాచా అంతా విని, "అంటే ఆ ఏడు వేలు పేరుకి ఇచ్చినమా బేటా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. అవునని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మరుసటేడు మా చెల్లెలి పెళ్లి కార్డులకి ఆయన కూలి తీసుకోలేదు. వీడియో శుభలేఖ కూడా ఆ ల్యాప్‌టాప్ మీదే తయారైంది. బాగానే వచ్చింది.

అదండీ సంగతి. మీకూ ఇలాంటి ఫోన్ వస్తే అర నిమిషంలో జవాబు చెప్పకండి. అవతలివాళ్లు చిట్టీ ఎత్తి ఉంటారు.