తలుపులెన్ని? తాళాలెన్ని?

రాయ్‌పూర్‌లోని డీకేఎస్ భవన్‌ది విచిత్రమైన జాతకం. ఒకప్పుడు అది ఆస్పత్రి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక కొత్త రాష్ట్రానికి సచివాలయమైంది. 2012లో సచివాలయం నయా రాయ్‌పూర్‌లోని మహానది భవన్‌కు తరలిపోయింది. 2018లో పాత భవనం మళ్లీ ఆస్పత్రే అయింది, ఈసారి సూపర్ స్పెషాలిటీ హోదాతో. సచివాలయమైనా, ఆస్పత్రయినా అలాంటి పెద్ద భవనంలో కంప్యూటర్లు పెట్టినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏది దేనితో మాట్లాడాలి?

ఏదైనా పెద్ద ఆస్పత్రినే తీసుకుందాం. వందలాది కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లో పెడితే ఒకదాని కేక అన్నిటికీ వినబడుతుంది. అందుకే వాటిని సబ్‌నెట్‌లుగా విడదీస్తారు. బిల్లింగ్‌కు 192.168.10తో మొదలయ్యే చిరునామాలు, ల్యాబ్‌కు 192.168.20, రోగుల బంధువుల వైఫైకి 192.168.30, రికార్డుల సర్వర్లకు 192.168.40. అన్నీ ఒకే స్విచ్‌కు తగిలించినా ఏ వీల్యాన్ దానిదే. వాడవాడకూ గోడ కట్టినట్టు.

గోడలు లేవగానే పని ఆగిపోతుంది. ల్యాబ్ రిపోర్టు రికార్డుల సర్వర్‌కు చేరదు. లేయర్-3 స్విచ్ అక్కరకొచ్చేది అప్పుడే. అందులో ప్రతి వీల్యాన్‌కూ ఒక ఐపీ చిరునామా ఇస్తారు, 192.168.20.1 లాంటిది. ఆ వీల్యాన్‌లోని కంప్యూటర్లకు అదే డిఫాల్ట్ గేట్‌వే, అంటే పొలిమేర దాటించే ద్వారం. ఆపైన చాలా స్విచ్‌లలో 'ఐపీ రౌటింగ్' అనే ఒక్క ఆదేశం చాలు. సబ్‌నెట్‌లన్నీ నేరుగా తనకు తగిలినవే కాబట్టి దారులు స్విచ్‌కు వేరే చెప్పనక్కర్లేదు. పింగ్ వెళ్లి తిరిగొస్తుంది. ఇంజనీరు ఊపిరి పీల్చుకుంటాడు.

అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆ ఆదేశం ల్యాబ్ తలుపు ఒక్కటే తెరిచి ఊరుకోదు, అన్ని తలుపులూ బార్లా తెరుస్తుంది. వరండాలో కూర్చున్న బంధువు ఫోన్ నుంచి కూడా రికార్డుల సర్వర్ దాకా దారి పడుతుంది. దాన్ని మూయాలంటే యాక్సెస్ లిస్ట్ రాయాలి. ల్యాబ్ నుంచి ఫలానా సర్వర్‌కు, ఫలానా పోర్టుకు మాత్రమే అనుమతి, మిగతాదంతా నిషేధం అని.

రాయకపోతే ఏమవుతుంది? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. 5 సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. దేశంలోకెల్లా పేరున్న ఆస్పత్రిలో రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతోనే సాగాయి. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

ఈ లోపాన్ని ఇంజనీరు ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ ఏ విభాగానికి ఏ రికార్డు అవసరమో తేల్చాల్సింది అతను కాదు, పాలనాధికారులు. ఆ జాబితా ఎవరూ ఇవ్వరు. పని మాత్రం తెల్లారేసరికి నడవాలంటారు. ఇక అన్నీ తెరిచి ఉంచడం తప్ప అతనికి గత్యంతరం ఉండదు. మహానది భవన్‌లోని శాఖలకైనా, జిల్లా ఆస్పత్రికైనా ఇదే వర్తిస్తుంది. నెట్‌వర్క్ అప్పగించే రోజున పింగ్ వచ్చిందా అని అడిగితే చాలదు. రాకూడని చోట నుంచి రావడం లేదు కదా అని కూడా అడగాలి.