అపరిగ్రహము – అదనపు ఇంధనము

పతంజలి మహర్షి యోగసూత్రములయందు పేర్కొన్న ఐదు యమములలో కడపటిది అపరిగ్రహము. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము అను నాలుగింటి తరువాత దీనికి స్థానము. అవసరమునకు మించి కూడబెట్టకుండుట దీని సామాన్యార్థము. అయితే అవసరమనగా ఎంత? ఈ ప్రశ్నకు గృహస్థుడు ప్రతిదినము, తెలిసియో తెలియకయో, సమాధానము చెప్పుచునే ఉండును. ధాన్యపు గాదె, బియ్యపు డబ్బా, బ్యాంకు ఖాతా, ఇవన్నియు ఆ సమాధానములే. వీనిలో లెక్క తప్పినను ఫలము వెంటనే కనబడదు. కావున ఆత్మవంచనకు అవకాశము మెండు. లెక్క తప్పినచో ఆ దినముననే ఫలము చూపు తావులు కొన్ని కలవు. మనాలి–లేహ్ రహదారి అట్టిది.

హిమాచల ప్రదేశములోని లాహౌల్ ప్రాంతమున చంద్రా, భాగా నదులు కలియు చోటు తాండీ. ఆ రెండును బారాలాచా కనుమ పరిసరములలో పుట్టి, చెరియొక దిక్కుగా పోయి, ఇచట కలిసి చంద్రభాగ యగును. దానినే దిగువ ప్రాంతములలో చీనాబ్ అందురు. ఋగ్వేదకాలపు నామము అసిక్నీ. ఆ సంగమ సమీపమున ఒక పెట్రోలు బంకు, దానియొద్ద ఒక ఫలకము. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున ఉన్నదని ఆ ఫలకము ఏండ్ల తరబడి బాటసారులను హెచ్చరించినది. అచటినుండి బారాలాచా కనుమ, సర్చూ, 21 మలుపుల గాటా లూప్స్, లాచుంగ్ లా, పాంగ్, మోరే మైదానము, 5,300 మీటర్లు దాటిన తంగ్‌లాంగ్ లా. అటుపిమ్మట దిగుడు; లేహ్‌కు ముందు కారూ అను చోట మరల బంకు. అంత ఎత్తున వాయుపీడనము సముద్రతీరమునందలి దానిలో ఇంచుమించు సగము. మనుష్యునికి ఊపిరి ఎట్లు చాలదో ఇంజనుకును అట్లే చాలదు. చిన్న గేర్లలో ఎక్కుచు అది మైదానములో కంటె అధికముగా డీజిలును తాగును.

కృష్ణా జిల్లాకు చెందిన ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు తన కుటుంబముతో సొంత వ్యానులో ఈ దారిన పోవ సంకల్పించెను. ఆయన, భార్య, కుమారుడు, కోడలు, మనుమడు, 70 ఏండ్లు దాటిన అక్కగారు – మొత్తము ఆరుగురు. వ్యాను ట్యాంకు 60 లీటర్లది. ఇంటిలో వాదము అచటనే మొదలయ్యెను.

కుమారునిది మొదటి పక్షము. "నాన్నగారూ, 120 లీటర్ల రెండో ట్యాంకు కట్టిద్దాం. పైన క్యారియరు మీద ఇంకో నాలుగు క్యానులు పెడదాం. పెద్దత్తయ్య వస్తోంది, బాబు ఉన్నాడు. ఆ కొండల్లో ఆగిపోతే ఎవర్ని అడుగుతాం?"

అక్కగారిది రెండవ పక్షము. "తమ్ముడూ, మన యోగక్షేమాలు చూసుకునేవాడు పైన ఉన్నాడు. ఆయన్ని నమ్మి బయల్దేరుతున్నప్పుడు ఈ డబ్బాల గోల ఏమిటి?"

ఈ రెండును పూర్వపక్షములే. మొదటిదానిలో భయము పరిమాణమును నిర్ణయించుచున్నది. భయమునకు అంతము లేదు గనుక 120 లీటర్లును దానికి చాలవు, 200 లీటర్లును చాలవు. రెండవదానిలో భక్తి కలదు గాని విచారము లోపించినది. లభింపనిది లభించుట యోగము, లభించినదానిని కాపాడుకొనుట క్షేమము అని శంకర భగవత్పాదులు గీతాభాష్యమున వివరించిరి. ఆ భారమును భగవంతుడు వహించుట అనన్యచింతనతో ఉన్నవారి విషయము. లెక్క చూచుకొనుటకు బుద్ధి ఉండియు చూచుకొననివాడు తన భారమును భగవంతునిపై గాక, దారిలో ఎదురగు సాటి ప్రయాణికునిపై మోపును. వాని డబ్బాలోని డీజిలు తనదని ముందే అనుకొనుట అస్తేయమునకు దగ్గర కాదు.

ఉపాధ్యాయుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక వృద్ధ మెకానిక్కును సంప్రదించెను. అతడు మొదట చెప్పినది చట్టమును గూర్చి. మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును యథేచ్ఛగా మార్చరాదు. పిమ్మట బరువు. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు. 120 లీటర్లు అనగా ఇంచుమించు 100 కిలోలు, ఇనుప ట్యాంకు బరువు దానికి అదనము. పైకప్పు మీద మోసినచో గురుత్వకేంద్రము పైకి జరిగి మలుపులలో వ్యాను ఊగును. లోపల పెట్టినచో ఆవిరి మనుష్యులకు హాని చేయును. ట్యాంకు సగము ఖాళీ అయినపుడు లోని ద్రవము అటునిటు కొట్టుకొనును. అందుచేత లోపల అడ్డుపలకలు ఉండవలెను. పొగగొట్టపు వేడికి అది దూరముగా ఉండవలెను.

అటుపిమ్మట ఆ వృద్ధుడు మరొక మాట చెప్పెను. "మాస్టారూ, డీజిలు ఇంజను తీసుకున్నదంతా తాగదు. కావలసినంత తాగి మిగిలింది వెనక్కి పంపుద్ది. రెండు ట్యాంకులు పెట్టామనుకోండి, ఏ ట్యాంకులోంచి తీసిందో ఆ ట్యాంకుకే తిరిగి పోవాలి. ఆ పైపు కలపటం తప్పితే ఒకటి పొర్లిపోద్ది, రెండోది ఎండిపోద్ది."

ఉపాధ్యాయుడు ఆ మాటను మనసులో నిలుపుకొనెను. పుచ్చుకొని, వలసినంత వాడి, మిగిలినదానిని వచ్చిన చోటికే చేర్చుట. ఈ ధర్మమును ఇంజను ఏ ఉపదేశమును లేకయే పాటించుచున్నది.

ఇక లెక్క. మైదానములో లీటరునకు 11 కిలోమీటర్లు నడచు వ్యాను కొండలలో 7 నడచునని అనుకొనిరి. 365 కిలోమీటర్లకు 52 లీటర్లు. కొండచరియ విరిగిపడి వెనుకకు మరలవలసి వచ్చునేమో, వాగుల యొద్ద గంటలకొలది వేచియుండవలెనేమో యని దానిలో మూడవ వంతు, అనగా 17 లీటర్లు కలిపిరి. మొత్తము ఇంచుమించు 70. ట్యాంకులో పట్టునది 60. కావలసినది 10. దీనికి రెండవ ట్యాంకు అక్కరలేదు. 20 లీటర్ల ఇనుప జెర్రీక్యాను ఒకటి చాలును.

ఈ క్యాను 1930ల నాటి జర్మన్ సైన్యపు రూపకల్పన. దీనికి మూడు పిడులు. ఖాళీవి రెండేసి ఒక చేత పట్టవచ్చును. నిండుదానిని ఇద్దరు చెరియొక పిడి పట్టి మోయవచ్చును. పై భాగమున కొంత గాలికి చోటుండును. ఆ చోటు వ్యర్థము కాదు. 30 డిగ్రీల వేడిమి పెరిగినచో 20 లీటర్ల డీజిలు ఇంచుమించు అర లీటరు వ్యాకోచించును. పైగా ఎత్తు పెరిగి బయటి పీడనము తగ్గినకొలది లోని గాలి ఉబ్బును. అంచుదాక నింపినవాడు ఆ వ్యాకోచమునకు తావు లేకుండ చేసినవాడగును. కావున వారు 19 లీటర్లే పోయించి, మూత బిగించి, వ్యాను వెనుక తక్కువ ఎత్తున కట్టించిన చట్రములో పట్టీలతో బంధించిరి.

తాండీలో ట్యాంకును, క్యానును నింపుకొని బయలుదేరిరి. దారిలో కరిగిన మంచునీటి వాగులవద్ద రెండు చోట్ల చాలసేపు నిలువవలసివచ్చెను. పాంగ్ గుడారముల యొద్దకు చేరునప్పటికి 190 కిలోమీటర్లకు 32 లీటర్లు ఖర్చయినవి. లీటరునకు 7 కాదు, 6 మాత్రమే.

అచట ఒక వాహనము నిలిచియుండెను. రాయి తగిలి దాని ట్యాంకు అడుగున చిల్లు పడినది. యజమాని సబ్బును అద్ది కారుటను ఆపినాడు గాని, అప్పటికే డీజిలు చాలవరకు నేలపాలైనది. వాహనములో అతని భార్యయు, ఇద్దరు బిడ్డలును కలరు. మధ్యాహ్నము వాలుచున్నది. 10 లీటర్లు దొరకునాయని అతడు హిందీలో అడిగెను.

కుమారుడు తండ్రి ముఖము చూచెను. ఉపాధ్యాయుడు వెంటనే ఔననలేదు, కాదనను లేదు. నోటు పుస్తకము తీసెను. కారూ దాక దూరము 150 కిలోమీటర్లకు మించదు. లీటరునకు 6 చొప్పున 25 లీటర్లు. మూడవ వంతు కలిపిన 33. ట్యాంకులో 28, క్యానులో 19, వెరసి 47. తమకు అక్కరలేనివి 14. అడిగినవి 10.

క్యాను దింపి 10 లీటర్లు పోసిరి. మిగిలిన 9 లీటర్లను తమ ట్యాంకులోనికి ఒంపుకొనిరి. ఆ మనుష్యుడు రెట్టింపు ధర ఇవ్వబోయెను. ఉపాధ్యాయుడు తాండీలో కొన్న ధర మాత్రమే పుచ్చుకొనెను. లాభము గైకొనుట అధర్మము. ఊరక ఇచ్చుట ఆ గృహస్థుని బిడ్డల యెదుట చిన్నబుచ్చుట.

"చూశావా తమ్ముడూ, ఆయనే చూసుకున్నాడు" అని అక్కగారు అనెను. "అవును అక్కయ్యా, మన క్యానుతో చూసుకున్నాడు" అని ఆయన బదులిచ్చెను. కుమారుడు నవ్వి ఊరకుండెను.

ఇచట విచారింపవలసిన అంశమొకటి కలదు. ఆ స్థలమున 120 లీటర్ల ట్యాంకు ఉన్నవాడైనను ఇచ్చియుండునని చెప్పలేము. ఎంత చాలునో ఎరుగనివానికి తనవద్ద ఉన్నదంతయు అవసరముగనే తోచును. క్యాను లేనివానికి మనసున్నను ఇచ్చుటకు వస్తువు లేదు. తన కొలత తెలిసినవానికి మాత్రమే, ఇంతవరకు నాది, ఇది నాది కాదు అను గీత స్పష్టముగా కనబడును. ఆ గీత కనబడినచోట దానము సాహసకార్యము కాదు, లోభమునకు సాకును లేదు. అపరిగ్రహము సన్న్యాసికి రిక్తహస్తముగా నుండవచ్చును. కుటుంబభారము వహించిన గృహస్థునకు అది కొలత తెలిసిన పాత్ర. కొలత తప్పవచ్చును, 7 అనుకొన్నది 6 కావచ్చును. అపుడు మరల లెక్కించుటయే అతని సాధన.

తంగ్‌లాంగ్ లా దాటి, సాయంకాలమునకు వారు కారూ చేరిరి. ట్యాంకులో ఇంకను 14 లీటర్లు మిగిలియుండెను. బంకులో ట్యాంకు మాత్రము నింపించిరి. క్యాను కూడ నింపమందురా అని పనివాడు అడుగగా ఉపాధ్యాయుడు వలదనెను. తిరుగు ప్రయాణము కార్గిల్ మీదుగా శ్రీనగరమునకు. ఆ దారిలో బంకులు కలవు.