నీడ పొట్టిదైతే... ఎండ గట్టిది!
రామగుండం దగ్గర గోదావరి దాటి మంచిర్యాల వైపు వెళ్తుంటే మార్చిలోనే ఎండ చురుక్కుమంటుంది. మే నెలలో 45 డిగ్రీలంటే ఇక్కడ వింతేం కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఒంటిపూట బడులు విడిచేది పన్నెండున్నరకు... సరిగ్గా సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకు! పిల్లలు ఇంటిదారి పట్టేదీ అప్పుడే. తలకు రుమాలు చుడితే మంచిదే. చెవులూ మెడా కప్పే అంచు టోపీ, ఒత్తుగా నేసిన పొడుగు చేతుల నూలు చొక్కా అయితే ఇంకా మేలు. మిగతాచోట్ల ఎస్‌పీఎఫ్ 30 క్రీమును బయల్దేరే పావుగంట ముందు రాయాలి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆర్నెల్లలోపు పసివాళ్లకు నీడే రక్ష. అయితే క్రీము కాపాడేది చర్మాన్నే, వడదెబ్బను ఆపదు. అందుకు మంచినీళ్లు, మజ్జిగ, చెట్టునీడ కావాల్సిందే. పిల్లలకో చిట్కా నేర్పండి: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందా... ఆట ఆపి నీడకు రండి!