బదిలీల నిషేధం

మేడిపల్లిలో మా యింటి చెక్కబీరువా పై అరలో ఇరవైనాలుగేండ్లు పడియున్న వంద షేర్లను 2018 నవంబరులో అమ్ముకున్నాను. అమ్ముకున్నాననుట గౌరవార్థం, తెగనమ్ముకున్నాననుట సత్యం.

1994లో పబ్లిక్ ఇష్యూల వెల్లువ మా పల్లెలదాకా వచ్చింది. మా ఉపాధ్యాయుల గదిలో పాఠాల ప్రసక్తి తగ్గి షేర్ల ముచ్చట పెరిగిన రోజులవి. పది రూపాయల ముఖవిలువ, ఇరవై ప్రీమియం. మూడువేలు చెల్లించి నా పేరును, మా ఇంటావిడ పేరును జంటగా వ్రాసి దరఖాస్తు పంపాను. కొన్నాళ్ళకు రిజిస్టర్డు తపాలాలో పత్రాలు వచ్చాయి. చుట్టూ లతల అంచు, మధ్య కంపెనీ ముద్ర. ఆవిడ వాటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి తాళం వేసింది.

1996లో డిపాజిటరీల చట్టం వచ్చిన పిమ్మట కాగితపు షేర్లు క్రమంగా డీమ్యాట్ ఖాతాలకెక్కాయి. నేనూ ఒకమారు ప్రయత్నించాను. పత్రంలో నా ఇంటిపేరు పొడి అక్షరం, పాన్ కార్డులో సంపూర్ణం, అఫిడవిట్ కావాలన్నారు. సంతకమా, వేలకొలది ప్రోగ్రెస్ కార్డులపై చేసి చేసి అరిగిపోయి, 1994 నాటి తన రూపాన్నే మరచింది. విసిగి ఊరకున్నాను.

2018లో సెబీ నిబంధన పత్రికలో పడింది: డిసెంబరు 5 నుండి కాగితపు షేర్ల బదిలీ కుదరదు. నా కన్ను "బదిలీ"ని దాటిపోయింది. షేర్లే చెల్లవని నా మనసు చదువుకున్నది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు బ్యాంకు వాకిట నిలిచిన కాళ్ళు మరి, భయం తీరలేదు.

కోరుట్ల నుండి ఒక మధ్యవర్తి వచ్చాడు. బజారులో షేరు ధర రెండువందల పది. తొంభై ఇస్తానన్నాడు. "సంతకం కలవది, పేరు కలవది. ఆ తిప్పలన్నీ నాయే గద సార్" అన్నాడు. ఎస్‌హెచ్-4 బదిలీపత్రం, నూటికి పావురూపాయి చొప్పున స్టాంపులు, సాక్షి, అన్నీ అతడే చూసుకున్నాడు.

"అవేమన్న మనల బువ్వ అడుగుతున్నయా? ఉండనియ్యుండ్రి" అన్నది ఆవిడ. నేను గడువు సంగతి గంభీరంగా వివరించాను. ఆమె మారుమాటాడక రెండవ గీతపై సంతకం చేసింది. తొమ్మిదివేలు చేతికొచ్చాయి, బోరు మోటారు మరమ్మతుకే సరిపోయాయి.

డిసెంబరు తొలివారంలోనే గడువును 2019 ఏప్రిల్ 1కి జరిపారు. అది చదివి, జగిత్యాలలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థిని అడిగాను. "సార్, ఆగేది బదిలీ ఒక్కటే. షేర్లు మీ పేరుమీదనే ఉండేవి. ఏప్రిల్ తర్వాత గూడ డీమ్యాట్ చేసుకోవచ్చు. వారసులకు గూడ వస్తయి" అన్నాడు, నొచ్చుకుంటానేమోనని మెల్లగా.

మిత్రులారా, నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. బదిలీలపై నిషేధమంటే ఎవరి స్థానంలో వారు ఉంటారని అర్థం; ఉద్యోగం ఊడిందని కాదు. సర్వీసంతా ఆ మాట వింటూ గడిపినవాణ్ణి. పదవిభాగం సరిగా చేయలేదని పిల్లలను బెంచీలెక్కించినవాణ్ణి కూడా.

జగిత్యాల నుండి వచ్చి ఆ సాయంత్రమే ఇంటావిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పన్నెండువేలు పోయాయన్న లెక్క కూడా దాచలేదు. చాయ్ ఇచ్చి, "సంచి మాత్రం మంచిదే" అన్నది. ఇప్పుడు అందులో మా పట్టాదారు పాసుపుస్తకాలున్నాయి. తాళంచెవి ఆమె కొంగుకే ఉన్నది.